జీబీలు తర్వాత, ముందు కార్డు పేరు అడుగు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. పోయిన నెల ఒక ఆఫీసు వాళ్లు తీసేసిన పాత డెస్క్‌టాప్ కొన్నాను, సన్న క్యాబినెట్ది. ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. చిత్తూరు నుంచి మా పిన్ని కొడుకు సంక్రాంతి సెలవులకు వస్తున్నాడు, వాడికి జీటీఏ 5 ఆడాలని ఎప్పటినుంచో ఆశ. సిస్టం అమ్మినాయన ఇందులో 2 జీబీ గ్రాఫిక్స్ ఉంది, ఏ ఆటైనా ఆడుతుంది అన్నాడు. చూస్తే 'ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్' అని మాత్రమే ఉంది, పక్కన నంబరు లేదు. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ అనేదే కనిపించడం లేదు. డైరెక్ట్‌ఎక్స్ మాత్రం 12 అని చూపిస్తోంది. ఇంకో అంగట్లో అడిగితే 4 జీబీ జీటీ 730 కార్డు 4,200కి ఇస్తాం, వేసుకుంటే చాలు అన్నారు. నా దగ్గర 4,500 ఉంది, ట్యూషన్లు చెప్పి దాచుకున్నది. కొనేయమంటావా?

జవాబు: తమ్ముడూ, ఆ డబ్బు ఇంకా నీ దగ్గరే ఉంటే ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా అలాగే ఉంచు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు అన్నావు కాబట్టి నాకు ఇంకా పట్టుదలగా ఉంది, అది వృథా కాకూడదు.

ముందు మంచి మాట. నువ్వు కొన్న సిస్టం చెడ్డదేం కాదు. జీటీఏ 5 కంప్యూటర్లకు 2015 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు, ఆట బాగా నడవాలంటే ఏం కావాలో చెబుతూ ఇచ్చిన వివరాల్లో ఇంటెల్ ప్రాసెసర్‌గా రాసింది సరిగ్గా నీ ఐ5-3470నే. ర్యామ్ కూడా అందులో 8 జీబీనే. చాలామంది ఇక్కడిదాకా చదివి 'మనది సరిపోయింది' అని సంతోషపడిపోతారు. కానీ అదే జాబితాలో కింద ఇంకో వరుస ఉంది, విడిగా వేసే గ్రాఫిక్స్ కార్డు, జీటీఎక్స్ 660 2 జీబీ కానీ రేడియాన్ హెచ్‌డీ 7870 2 జీబీ కానీ ఉండాలని. ఆ వరుసే నీ దగ్గర ఖాళీ.

మరి నీ దగ్గర ఉన్నదేంటి? నంబరు లేదన్నావు కదా, అదే ఆధారం. ఇలాంటి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ పేరులో నాలుగంకెలు ఉంటే మొదటి అంకె తరం చెబుతుంది, నీది 3470 కాబట్టి మూడో తరం, అంటే 2012 నాటిది. ఆ తరంలో రెండు రకాల గ్రాఫిక్స్ ప్రాసెసర్ లోపలే పెట్టి ఇచ్చారు, హెచ్‌డీ 4000 ఒకటి, హెచ్‌డీ 2500 ఒకటి. 4000 ఉంటే విండోస్ ఆ నంబరు చూపిస్తుంది, 2500 ఉంటే ఉత్త 'హెచ్‌డీ గ్రాఫిక్స్' అని ఊరుకుంటుంది. నీది 2500. ఇంటెల్ వెబ్‌సైటులో ప్రాసెసర్ నంబరు కొట్టి చూసినా ఇదే రాసుంటుంది, నా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. రెండింటికీ తేడా ఎంతంటే, లెక్కలు చేసే యూనిట్లు 4000లో 16, నీ దాంట్లో 6.

ఇక ఆ '2 జీబీ గ్రాఫిక్స్' మాట. అమ్మినాయన ఆ అంకె ఎక్కడ చూశాడో నాకు తెలుసు, నువ్వూ చూడు. విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కు, చిన్న పెట్టె వస్తుంది, అందులో డి, ఎక్స్, డి, ఐ, ఎ, జి అని ఆరు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కు. వచ్చిన కిటికీలో పైన 'డిస్‌ప్లే' అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ మొత్తం మెమరీ అని 1,700 ఎంబీ చిల్లర ఏదో కనిపిస్తుంది. అదే నోటిమాటలో 2 జీబీ అయిపోయింది. అది గ్రాఫిక్స్ సొంత మెమరీ కాదు, నీ 8 జీబీ ర్యామ్‌లోంచి అవసరమైతే ఇంతవరకు అప్పు తీసుకుంటాను అని చెప్పే హద్దు. విడిగా కొన్న కార్డుకైతే దాని బోర్డు మీదే సొంత మెమరీ చిప్పులు ఉంటాయి. కిందనే 'డిస్‌ప్లే మెమరీ' అనీ, 'షేర్డ్ మెమరీ' అనీ విడివిడిగా వరుసలు ఉంటాయి చూడు, మొదటిది చాలా చిన్న అంకె, రెండోది పెద్దది, నీలాంటి సిస్టంలో ఎప్పుడూ ఇంతే.

అదే పేజీలో కుడివైపు డ్రైవర్ వివరాల్లో 'ఫీచర్ లెవెల్స్' అని ఒక వరుస ఉంది. అక్కడ ఆగి చదువు. డైరెక్ట్‌ఎక్స్ అంటే ఆటలు గ్రాఫిక్స్‌తో మాట్లాడడానికి వాడే విండోస్ భాగం. మొదటి ట్యాబ్‌లో 'డైరెక్ట్‌ఎక్స్ 12' అని కనిపించేది విండోస్‌ది, నీ గ్రాఫిక్స్‌ది కాదు. విండోస్ 10 వేసిన ఏ పాత డబ్బా అయినా అక్కడ 12 అనే చూపిస్తుంది. గ్రాఫిక్స్ హార్డ్‌వేర్‌కి నిజంగా ఏం చేతనవునో ఫీచర్ లెవెల్స్ చెబుతుంది, నీ దాంట్లో 11_0 దగ్గర మొదలై కిందికి 10, 9 అంకెలు ఉంటాయి. అంటే డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటలు తెరుచుకుంటాయి, 12 తప్పనిసరి అనే ఆటలు తెరుచుకోవు. రెండో తరం ప్రాసెసర్ కొన్నవాళ్లకైతే అక్కడ 10_1 దగ్గరే ఆగిపోతుంది, వాళ్లు డైరెక్ట్‌ఎక్స్ 11 అడిగే ఆటలు డౌన్‌లోడ్ చేసుకుని 'ఎర్రర్ వస్తోంది, డైరెక్ట్‌ఎక్స్ కొత్తది ఎక్కడ దొరుకుతుంది' అని నాకు రాస్తుంటారు. ఎక్కడా దొరకదు, అది చిప్‌లోనే లేదు.

టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కనపడకపోతే గ్రాఫిక్స్ లేదని అర్థం కాదు, దానికి టెన్షన్ పడొద్దు. ఆ గ్రాఫు రావాలంటే డ్రైవర్, అంటే గ్రాఫిక్స్‌ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, డబ్ల్యూడీడీఎం అనే విండోస్ ప్రమాణంలో 2.0 కానీ ఆ పైది కానీ అయ్యుండాలి, మూడో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కి వచ్చిన డ్రైవర్లు అంతకు ముందు రకానివి. ఒకవేళ పేరు ఉండాల్సిన చోట 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అప్పుడు డ్రైవరే వేయలేదని, అది వేశాకే మిగతా మాటలు. నీకా సమస్య లేదు.

సరే, జీటీఏ 5 నీ సిస్టంలో ఇప్పుడున్నట్టే నడుస్తుందా? తెరుచుకుంటుంది. బొమ్మ సైజు బాగా తగ్గించి, అన్ని సెట్టింగులూ కిందికి దించినా, రోడ్డు మీద కారు పోతుంటే బొమ్మ తునకలు తునకలుగా కదులుతుంది. వాడు పది నిమిషాలు ఆడి లేచిపోతాడు.

ఇప్పుడు అంగడి వాళ్ల 4 జీబీ కార్డు. ఇక్కడ కొంచెం ఓపికగా విను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. జీటీఏ 5కి కనీసం కావాల్సిన ఎన్విడియా కార్డు 9800 జీటీ, 1 జీబీ. అది 2008 నాటిది. 730 దానికంటే చాలా కొత్తది, పైగా 4 జీబీ, కాబట్టి అవలీలగా ఆడుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ పాత 9800 జీటీ తన మెమరీ నుంచి సెకనుకు 57.6 జీబీ తీసుకోగలదు. డీడీఆర్3 మెమరీ, 64 బిట్ దారి ఉన్న జీటీ 730 తీసుకోగలిగేది సెకనుకు 14.4 జీబీ. నాలుగో వంతు. దాని మీద 4 జీబీ పెట్టినా 8 జీబీ పెట్టినా ఆ దారి పెరగదు.

నువ్వు తిరుపతిలోనే ఉంటావు కాబట్టి ఇట్లా చెబుతాను. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఎన్ని ఉంటే అంతమంది కూర్చోవచ్చు, నిజమే. కానీ నీకు దర్శనం ఎన్ని గంటల్లో అవుతుందనేది మహాద్వారం దాటాక లోపల లైను ఎంత వేగంగా కదులుతుందన్న దాని మీద ఉంటుంది. కార్డు మీద రాసిన జీబీలు కంపార్ట్‌మెంట్లు. ఆట నడిచేది లైను కదిలే వేగం మీద. ఆ వేగానికి కార్డు డబ్బా మీద రెండు గుర్తులు, మెమరీ రకం, బిట్లు. డీడీఆర్3 అని ఉంటే వద్దు, జీడీడీఆర్5 అని ఉంటే అప్పుడు మాట్లాడు.

ఇంకో చిక్కేంటంటే జీటీ 730 అనేది ఒకే కార్డు కాదు, ఒకే పేరుతో మూడు రకాలు వచ్చాయి. 96 కోర్లు, డీడీఆర్3, 128 బిట్ ఒకటి. 384 కోర్లు, డీడీఆర్3, 64 బిట్ ఒకటి. 384 కోర్లే, కానీ జీడీడీఆర్5 ఒకటి, ఇది సెకనుకు 40 జీబీ దాకా తీసుకుంటుంది, ఈ ఒక్కటి మాత్రం జీటీఏ 5ని 720పీ అనే తక్కువ స్పష్టతలో, తక్కువ సెట్టింగులతో నెట్టుకొస్తుంది. అంగట్లో అడిగితే మూడింటికీ 'జీటీ 730' అనే చెబుతారు. జీటీ 1030 సంగతీ అంతే, 2017లో వచ్చిన అసలుది జీడీడీఆర్5తో సెకనుకు 48 జీబీ, తర్వాతి ఏడాది అదే పేరుతో డీడీఆర్4ది దించారు, అది 16.8 మాత్రమే. 1030లో 4 జీబీ ఉందని ఎవరైనా గొప్పగా చూపిస్తే అది డీడీఆర్4 రకం అయ్యే అవకాశమే ఎక్కువ, 2 జీబీ జీడీడీఆర్5 దానికంటే చాలా మేలు.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే ఒకసారి మా చిన్నాన్న కొడుక్కి కార్డు కొనడానికి నేనే వెంట వెళ్లాను. వేరే ఊళ్లో ఒక అంగడి, పేరు చెప్పను. జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ అని స్టిక్కర్ ఉంది, ధర తక్కువ, వాడి కళ్లు మెరిశాయి, నేనూ పరీక్షించకుండా సరే అన్నాను. ఇంటికొచ్చి వేస్తే విండోస్ కూడా అదే పేరు చూపించింది. ఆట పెట్టిన రెండు నిమిషాలకు తెర నల్లబడిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. అప్పుడు జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించి తెరిస్తే కార్డు పేరు ముందు 'ఫేక్' అని బ్రాకెట్లో ఉంది, ఎన్విడియా గుర్తు ఉండాల్సిన చోట హెచ్చరిక గుర్తు ఉంది. కింద చిప్ పేరు చూస్తే ఎప్పటిదో జీటీఎస్ 450 కాలం నాటిది. పాత చిప్‌కి కొత్త పేరు చెప్పేలా లోపలి బయోస్ అనే సాఫ్ట్‌వేర్ మార్చి అమ్మేశారు. వెనక్కి తీసుకోలేదు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు, నేను వాడి ముఖం చూడలేకపోయాను. అందుకే చెబుతున్నాను, జీపీయూ-జెడ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లు, చాలా చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. డబ్బు ఇచ్చే ముందు అంగట్లోనే నీ సిస్టంలో కార్డు పెట్టించి అది తెరిచి పేరు, మెమరీ రకం, బస్ విడ్త్ అనే బిట్ల వరుస, ఈ మూడూ నీ కళ్లతో చదువు. పెట్టించనివ్వకపోతే లేచి వచ్చేయ్.

సిస్టంని ఆటోలో వేసుకుని తీసుకెళ్లమని ఎందుకంటున్నానంటే ఇంకో కారణం కూడా ఉంది. నీది సన్న క్యాబినెట్. దాంట్లో మామూలు ఎత్తు కార్డు పట్టదు, సగం ఎత్తుది కావాలి, లో ప్రొఫైల్ అని అడగాలి. పాత కార్డు కొంటుంటే దానికి వెనకవైపు బిగించే పొట్టి రేకు కూడా ఉందో లేదో చూడు, చాలామంది పొడుగు రేకుతోనే ఇచ్చేస్తారు, ఇంటికొచ్చాక మూత పడదు. క్యాబినెట్ తెరిచినప్పుడు సిస్టంకి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద స్టిక్కర్ కూడా ఫోటో తీసుకో. ఇలాంటి సన్నవాటిలో 240 వాట్ల దగ్గర ఉండడం మామూలు, కార్డుకి విడిగా కరెంటు ఇచ్చే ఆరు పిన్నుల వైరు ఉండదు. అంటే కార్డు మొత్తం మదర్‌బోర్డు స్లాట్ నుంచే కరెంటు తాగాలి, ఆ పొడుగు స్లాట్ ఇవ్వగలిగేది మహా అయితే 75 వాట్లు, కొన్ని సన్న క్యాబినెట్ల బోర్డుల్లో అంతకంటే తక్కువకే కట్టేస్తారు. జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్ల కార్డు, 750 టీఐ 60 వాట్లది, జీటీ 1030 జీడీడీఆర్5 మాత్రం 30 వాట్లే.

కాబట్టి నీ సిస్టం వరకు నా మాట జీటీ 1030, 2 జీబీ, జీడీడీఆర్5, లో ప్రొఫైల్. జీటీఏ 5 పాత వెర్షన్ 720పీలో హాయిగా, నార్మల్ సెట్టింగులైతే 1080పీలో కూడా ఆడుకోవచ్చు. నీ బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్‌దే చూసుకోవాల్సి వస్తుందేమో, పరవాలేదు, పైన చెప్పినట్టు పరీక్షించి తీసుకో. పొట్టి రకం 750 టీఐ దొరికి, నీ బోర్డు 60 వాట్లు ఇస్తుందని మోడల్ మాన్యువల్‌లో చూసుకుంటే ఇంకా మంచిది, అది సెకనుకు 86.4 జీబీ కార్డు. వీటికి ఎన్విడియా ఆటల కోసం ఇచ్చే కొత్త డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, కానీ 2015 నాటి ఆటకి ఉన్న డ్రైవరే చాలు. తిరుపతిలో దొరక్కపోతే పొద్దున రైలెక్కి, ఎలక్ట్రానిక్స్ అంగళ్లు ఉండే చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి రావచ్చు, కానీ అంత దూరం సిస్టం మోసుకుపోలేవు, కాబట్టి ముందు ఇక్కడే, తెలిసినవాళ్ల దగ్గరే వెతుకు.

పాత వెర్షన్ అన్నాను కదా. జీటీఏ 5 ఇప్పుడు రెండు రూపాల్లో ఉంది, లెగసీ అనేది 2015 నాటిది, ఎన్‌హాన్స్‌డ్ అనేది 2025 మార్చిలో వచ్చింది. రెండోదానికి కనీసమే జీటీఎక్స్ 1630 4 జీబీ, పైగా ఎస్‌ఎస్‌డీ అడుగుతారు, దాని జోలికి పోవద్దు, దించేటప్పుడు లెగసీయే ఎంచుకో. హార్డ్ డిస్క్‌లో 120 జీబీ అయినా ఖాళీ పెట్టుకో. స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ అంగట్లో కొంటే 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు, ఆట తెరిచి ఊరికే వదిలేసిన సమయం కూడా ఆ రెండు గంటల్లో లెక్కే కాబట్టి అన్నం తినడానికి పోతే మూసేసి పో.

వీటన్నిటికంటే ముందు రూపాయి ఖర్చు లేని పని, యూట్యూబ్‌లో నీ ప్రాసెసర్ పేరు, కొనబోయే కార్డు పేరు, ఆట పేరు మూడూ కలిపి వెతుకు. తెర మూలన సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూపిస్తూ ఆడిన వీడియోలు దొరుకుతాయి. అందులో కార్డు డీడీఆర్3నో జీడీడీఆర్5నో, ఏ రిజల్యూషన్‌లో ఆడుతున్నారో చూసి పోల్చుకో.

కార్డు కొనలేకపోతే అప్పుడు ఏం చేయాలి అనేది కూడా చెబుతాను. నీ 8 జీబీ ర్యామ్ ఒకటే కడ్డీనా, నాలుగు నాలుగు రెండు కడ్డీలా చూడు. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్ నుంచే తింటుంది కాబట్టి ఒకటే కడ్డీ అయితే సెకనుకు 12.8 జీబీ, రెండు కడ్డీలు జోడీగా ఉంటే 25.6. ఇంకో కడ్డీ వేస్తే తేడా కంటికి కనిపిస్తుంది, అయినా జీటీఏ 5కి చాలదు. కానీ 2005లో వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌కి కనీసం అడిగింది 64 ఎంబీ గ్రాఫిక్స్ మాత్రమే, అది నీ హెచ్‌డీ 2500 మీద బాగా ఆడుతుంది. సెలవులకు వచ్చిన పిల్లాడికి కొత్త ఆట తునకలుగా ఆడడం కంటే పాత ఆట సాఫీగా ఆడడమే ఇష్టం, మా ఇంట్లో చూశాను. వాలరెంట్ కావాలంటాడేమో, అది ఉచితమే కానీ కనీసం హెచ్‌డీ 4000 అడుగుతుంది, నీది దానికి కింద.

ఏది చేసినా ముందు క్యాబినెట్ దుమ్ము దులుపు. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి టేబుల్ కింద పడి ఉన్నవి ఇవి. మొన్న ఒక స్నేహితుడి సిస్టం తెరిచాను, జిరాక్స్ సెంటర్లో వాడినది, ప్రాసెసర్ మీద ఫ్యాన్ విప్పితే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూది పరుపులాగా ఒకే ముక్కగా ఊడి వచ్చింది, కింద వేడి లాగే పేస్టు ఎండిపోయి సున్నంలాగా పొడి రాలింది. దాన్ని తుడిచి కొత్త పేస్టు వేస్తే, ఆట పెట్టిన పావుగంటకు ఆగిపోతున్న సిస్టం గంటలు నడిచింది. మన ఊరి మే నెల ఎండల్లో ఇది ఇంకా ముఖ్యం. బ్రష్‌తో దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకో, తిరగనివ్వకు.

ఇంకోటి, నీ మానిటర్ వెనక నీలం రంగు వీజీఏ పిన్ను మాత్రమే ఉందా? జీటీ 1030లో వీజీఏ సిగ్నల్ రాదు, హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ ఒకటి విడిగా కొనాలి, దానికి కొంచెం డబ్బు పక్కన పెట్టుకో. కార్డు వేశాక కేబుల్‌ని పాత చోట, అంటే కీబోర్డు, నెట్ వైర్లు పెట్టే ఆ వరుసలో కాకుండా కింద కొత్తగా వచ్చిన కార్డు రంధ్రానికే పెట్టు. పాతచోటే ఉంచేసి కార్డు పనిచేయడం లేదని తిరిగి అంగడికి పరిగెత్తినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫోటో, సిస్టం మోడల్ పేరు పంపించు, స్లాట్‌కి ఎన్ని వాట్లు వస్తాయో నేనూ మాన్యువల్ చూసి చెబుతాను. సంక్రాంతికి ఇంకా టైముంది.